మూలనపడిన కంప్యూటర్ డబ్బా.. మరమ్మతు బల్లకు ఆసరా

మదర్‌బోర్డు కాలిపోయిందంటే చాలు, కంప్యూటర్‌ను పాత సామాన్ల బండికి తూకానికి వేసేయడం పరిపాటిగా మారింది. అందులో విద్యుత్తు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. రేడియో, కారు స్టీరియో మరమ్మతులు చేసే వారికి, ప్రయోగాలు చేసుకునే పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇది చక్కగా ఉపకరిస్తుంది. అయితే డబ్బా మూత విప్పకుండానే పని ముగించాలి.

ప్లగ్ తీసినా ప్రమాదమే

ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ఈ డబ్బాలో ముందుగా 300 వోల్టులకు పైబడిన డీసీగా మారి కెపాసిటర్లలో నిల్వ ఉంటుంది. ప్లగ్ తీసిన తర్వాత కూడా ఆ నిల్వ వెంటనే పోదు. మూత తీసి చేయి పెడితే ప్రాణాంతకం కావచ్చు. కావలసిన తీగలన్నీ బయటికే వచ్చి ఉన్నందున లోపలికి వెళ్లాల్సిన పనే లేదు.

రంగులే ఆధారం

ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ నమూనాలో తీగల రంగులు నిర్దిష్టంగా ఉంటాయి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు. నలుపు గ్రౌండ్. ఊదా తీగలో డబ్బా ఆగి ఉన్నా 5 వోల్టులు ఉంటాయి. ఆకుపచ్చ తీగను నలుపుతో కలిపితేనే డబ్బా పనిచేయడం మొదలవుతుంది. కనుక ఆ రెండింటి మధ్య చిన్న స్విచ్ అమర్చుకోవాలి. కొన్ని కంపెనీల సొంత నమూనాల్లో రంగులు వేరుగా ఉంటాయి కాబట్టి మల్టీమీటరుతో కొలిచిన తర్వాతే వాడడం మేలు.

ప్లగ్ తీసి కాసేపు ఆగి, పెద్ద కనెక్టరు వద్ద తీగలు కత్తిరించి, ఒకే రంగువి రెండు మూడు కలిపి చెక్కపెట్టెపై బిగించిన టెర్మినళ్లకు అతకాలి. మిగిలినవాటి కొసలకు విడివిడిగా టేపు చుట్టాలి. గోధుమ రంగు తీగ కనిపిస్తే వదిలేయరాదు. 3.3 వోల్టులను సరిచూసేది అదే కనుక నారింజ తీగతో కలపాలి.

ఇన్ని చేసినా కొన్ని పాత డబ్బాలు క్షణం తిరిగి ఆగిపోతాయి. చాలామంది అప్పుడు అది పాడైందని పారేస్తారు. నిజానికి వాటికి కొంత లోడు కావాలి. ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓమ్‌లు, 10 వాట్ల సిమెంటు రెసిస్టరు పెడితే అర ఆంపియరు ప్రవహించి డబ్బా నిలదొక్కుకుంటుంది. రెసిస్టరు వేడెక్కుతుంది గనుక తీగలకు తగలనీయరాదు.

ఫ్యూజు లేకుంటే మంటలే

లోపల షార్టు రక్షణ ఉన్నా, అది పెద్ద కరెంటుకు గానీ పనిచేయదు. ఆలోపే బల్లపై ఉన్న సన్నని తీగ ఎర్రబడి కాలిపోతుంది. ప్రతి టెర్మినల్‌కూ 3 నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు వేసుకోవాలి. వెనుక 115/230 మీట ఉంటే 230 వైపే ఉండాలి.

బ్యాటరీ చార్జింగ్‌కు మాత్రం ఇది పనికిరాదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే దాదాపు 14 వోల్టులు కావాలి, పైగా ఇందులో కరెంటును అదుపు చేసే ఏర్పాటు లేదు. నలుపు తీగ డబ్బా లోహానికి, ఎర్తుకు కలిసి ఉంటుంది. అందువల్ల మూడు పిన్నుల ప్లగ్‌నే, సరైన ఎర్తు ఉన్న సాకెట్‌లోనే వాడాలి.