పాత పాటకు కొత్త మెరుగు

మనవాళ్లు సీడీ అట్ట మీద ‘డిజిటల్ రీమాస్టర్డ్’ అని కనబడితే కళ్లు మూసుకుని కొనేస్తారు. చెవులు తెరిచి కొనమంటాను నేను.

రీమాస్టర్ చేసిన సీడీ చాలాసార్లు పాతదానికన్నా గట్టిగా మోగుతుంది. చిన్న శబ్దాల్ని పైకి లేపి, పెద్దవాటిని అణిచి, మొత్తం స్థాయి పెంచుతారు. గట్టిగా వినబడేదే బాగుందని చెవి నమ్మేస్తుంది. కాబట్టి పోల్చే ముందు రెండింటి వాల్యూమూ సమానం చేయాలి.

నా పరీక్షకు ‘మాయాబజార్’ పడవ పాట. 1957 నాటి మోనో రికార్డింగు, ఘంటసాల, పి.లీల గొంతులు. నా దగ్గరున్న పాత సీడీలో టేపు ‘స్‌స్’ మంటూనే ఉంటుంది, కానీ లీల ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది. కొత్తదానిలో రొద తుడిచేశారు, దాంతోపాటే ఆ ఊపిరీ పోయింది. తప్పు సీడీది కాదు. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటీ 16 బిట్లు: పాత మోనో టేపుకు అది ధారాళంగా సరిపోతుంది. తుడిచిన చేతిదే తేడా.

2010లో గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ చిత్రానికి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చింది. పెద్ద హాలుకు అది కావాల్సిందే. ఇంట్లో మాత్రం నా ఓటు మోనోకే.

రీమాస్టర్ వచ్చిందని పాత సీడీలు పారేయకండి. రెండూ పక్కపక్కన పెట్టి విని, ఆ తర్వాత తేల్చుకోండి.