గూగుల్‌కు దొరకని మొరసునాడు

అమెరికాలోని ‘ది ఆనియన్’ అనే హాస్యపత్రిక 2005లో ఒక కల్పిత వార్త వేసింది. తన సూచికలోకి ఎక్కని సమాచారాన్నంతా గూగుల్ నాశనం చేయబోతోందన్నది దాని సారాంశం. అప్పటికి గూగుల్ వయసు ఏడేళ్లు. ప్రపంచ సమాచారాన్ని క్రమంలో పెట్టి అందరికీ అందించడమే తన లక్ష్యమని ఆ సంస్థ నిజంగానే చెప్పుకుంది. 2004లో గ్రంథాలయాల పుస్తకాలను స్కాన్ చేయించే పనీ చేపట్టింది. నిజానికి దేన్నీ తగలబెట్టనక్కర్లేదు. వెతికినప్పుడు దొరక్కపోతే, వెతికినవాళ్లకు అది లేనట్టే. తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగుకు ఈ ముప్పు ఉంది.

మనం ఒక మాట కొట్టగానే సెర్చ్ ఇంజన్ ఇంటర్నెట్ అంతా గాలించదు. దాని ప్రోగ్రాములు లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి ముందే తిరిగి ఉంటాయి. ఏ మాట ఏ పేజీలో ఉందో, పుస్తకం చివరి పదసూచికలాగా రాసిపెట్టుకుంటాయి. వెతుకులాట ఆ సూచికలోనే. ఏ ఫలితం పైన రావాలన్నది తర్వాతి లెక్క. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన పేజ్‌ర్యాంక్ ప్రతి లింకునూ ఒక ఓటుగా లెక్కించింది. ఎక్కువ ఓట్లు పడిన పేజీ ఇచ్చే ఓటుకు విలువా ఎక్కువే. ఇప్పుడు ఇంకా ఎన్నో అంశాలు కలిసినా, లింకుల ప్రాధాన్యం పోలేదు.

హోసూరు, దేన్కణికోట, కృష్ణగిరి, అటు కోలారు, ఇటు కుప్పం కలిసిన మొరసునాడులో తరతరాలుగా తెలుగు ఉంది. ఇక్కడి పాటలు, సామెతలు, సేద్యపు మాటలు చాలావరకు నోటిమీదే నిలిచాయి. రాతలో లేనిది సూచికలోకి ఎక్కదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో ఆ భాష రాయడం నేర్వకపోతే, రేపు రాతకెక్కించేవాళ్లే ఉండరు.

అచ్చయినదానికీ చిక్కు ఉంది. ‘మొరసునాడు కథలు’ లాంటి సంకలనాలు ఇక్కడి నుడిని కథల్లోకి తెచ్చాయి. కానీ తెలుగు డీటీపీ చాలాకాలం ‘అను’ వంటి ఫాంట్లతోనే నడిచింది. వాటిలో తెరమీద కనిపించేది తెలుగే అయినా, లోపల ఉండేది ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. అలాంటి ఫైలును యంత్రం తెలుగుగా చదవలేదు. స్కాన్ చేసిన పేజీ వట్టి బొమ్మ. దాన్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒత్తుల దగ్గర తడబడుతుంది. ఇవన్నీ దాటి సూచికలోకి ఎక్కిన చిన్న పేజీకి లింకు ఇచ్చేవాళ్లు లేకపోతే అది అడుగునే ఉండిపోతుంది.

ఏది పైన, ఏది కింద అని తేల్చే అధికారం ఒక్క కంపెనీ చేతిలో ఉండటం మంచిది కాదు. సెర్చ్ ఫలితాల్లో పక్షపాతం చూపిందని భారత పోటీ కమిషన్ 2018లో గూగుల్‌కు దాదాపు 136 కోట్ల రూపాయల జరిమానా వేసింది. సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని అమెరికా ఫెడరల్ కోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. కోర్టులు కంపెనీని అదుపు చేయగలవు కానీ, మన మాటను రాసిపెట్టలేవు.

ఆ పని మనదే. పాత ఫాంట్ల ఫైళ్లను, యంత్రం తెలుగుగానే చదవగల యూనికోడ్‌లోకి మార్చండి. పెద్దల పాటలనూ మాటలనూ ఊరు, సంవత్సరంతో సహా రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాయండి. రచయితలు స్వేచ్ఛా లైసెన్సుతో అనుమతిస్తే పుస్తకాలను తెలుగు వికీసోర్సులో పెట్టండి. అక్కడ ఉన్నదాన్ని ఏ సెర్చ్ ఇంజనైనా చదువుకోవచ్చు, ఎవరైనా నకలు దాచుకోవచ్చు. మొరసునాడు తెలుగు ఏ ఒక్క కంపెనీ దయమీదా బతకకూడదు.