కరెంటు, వేడి, చల్లదనం.. ఒకే ఇంధనంతో మూడూ ఎలా?

ఇప్పుడు ఓయూ క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ దగ్గర చెట్టు కింద ఉన్నాను. టాపిక్ మాత్రం తార్నాకలో మొదలైంది.

పోయిన మే నెలలో అమ్మని అక్కడ ఒక ఆస్పత్రిలో చేర్పించాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ ఆన్ అయింది, లైట్లు వెలిగాయి, ఏసీలు మాత్రం రాలేదు. నాన్న స్కాన్ రిపోర్టు కవర్‌తో అమ్మకి విసురుతూ కూర్చున్నారు. టీ కోసం కిందికెళ్తే, జనరేటర్ గొట్టం నుంచి వేడిగాలి మొహానికి కొట్టింది. పైన ఉక్కపోత, కింద ఇంత వేడి వేస్ట్! ఈ వేడితోనే ఏసీ నడపొచ్చా? నడపొచ్చు. కరెంటు, వేడి, చల్లదనం మూడూ ఒకేచోట తీయడాన్ని ట్రైజనరేషన్ అంటారు.

లెక్క చూద్దాం. గ్యాస్ ఇంజిన్‌కి 100 యూనిట్ల ఇంధనశక్తి ఇస్తే, సుమారు 40 కరెంటుగా వస్తుంది. మిగతాది ఎక్కువగా పొగలో, ఇంజిన్ని చల్లబరిచే నీళ్లలో పోతుంది. అందులో ఇంకో 40 దాకా పట్టుకోవచ్చు. దాంతో మెస్‌కి వేడినీళ్లు ఇవ్వొచ్చు, లేదా అబ్సార్ప్షన్ చిల్లర్‌కి పంపొచ్చు.

వేడితో చల్లదనమా? కొత్త కుండ గుర్తు తెచ్చుకోండి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. ఇక్కడా అంతే. గాలి తీసేసిన ట్యాంకులో నీరు 5 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని లిథియం బ్రోమైడ్ ద్రావణం పీల్చుకుంటుంది. వేస్ట్ వేడి ఆ ద్రావణాన్ని మరిగించి నీటిని మళ్లీ విడదీస్తుంది. కంప్రెసర్ చేసే పని వేడే చేస్తుందన్నమాట.

కానీ తొందరపడకండి. 40 యూనిట్ల వేడికి వచ్చే చల్లదనం సుమారు 28 యూనిట్లే. మామూలు ఏసీ అదే పని 9 యూనిట్ల కరెంటుతో చేసేస్తుంది. అంటే దీనికోసమే కొత్తగా ఇంధనం కాలిస్తే నష్టం. ఎలాగూ పోయే వేడైతేనే లాభం.

మరి రామగుండం ప్లాంట్ వేడి తెచ్చుకోలేమా? కరెంటు 200 కిలోమీటర్లు తీగల మీద వస్తుంది. వేడినీళ్లకి అంత దూరం పైపులేస్తే ఖర్చు, నష్టం తట్టుకోలేం. అందుకే ప్లాంట్ పక్కనే ఉండాలి. చక్కెర మిల్లులు చూడండి: చెరకు పిప్పి కాల్చి, ఆవిరితో టర్బైన్ తిప్పి, బయటికొచ్చిన ఆవిరితోనే రసం మరిగిస్తాయి. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్‌లో అయితే ఇండో-జర్మన్ ప్రాజెక్టు కింద ట్రైజనరేషనే పెట్టారు.

ఎప్పుడో ఒకసారి నడిచే జనరేటర్‌కి ఇది గిట్టుబాటు కాదు. హాస్టళ్లు, ల్యాబులు, మెస్‌లు ఒకేచోట ఉండి, రోజంతా వాడకం ఉండే ఇలాంటి క్యాంపస్‌కి ఆలోచించొచ్చు. గ్యాస్ దొరకాలి, రేటూ కుదరాలి. కేజీ బేసిన్‌లో గ్యాస్ తగ్గాక ఆంధ్రలో గ్యాస్ ప్లాంట్లు ఎలా ఆగిపోయాయో మర్చిపోవద్దు.

అమ్మ ఇప్పుడు బాగుంది. మీ కాలేజీ జనరేటర్ వేడి ఎటు పోతోందో చూసి కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.