ఆప్టికల్ ఫైబర్ – వైర్‌లెస్ సంయుక్త జాలాలలో ఉమ్మడి ప్రవేశ నిర్వహణ: బెల్లంపల్లి బొగ్గు ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి, కాజీపేట–బల్లార్షా రైలుమార్గంపై సింగరేణి గనులతో పెరిగిన పట్టణం. బొగ్గు తీసిన పొరలపై నేల కుంగే అవకాశమున్న చోట, ఓపెన్‌కాస్ట్ పేలుళ్లు జరిగే చోట కేబుల్ కోసం కందకం తవ్వడం అంత తేలిక కాదు. అందుచేత వీలైనంత దూరం ఫైబర్ వేసి, అక్కడి నుండి వైర్‌లెస్ ద్వారా సంకేతాన్ని అందించే సంయుక్త విధానమే ఇటువంటి ప్రాంతానికి సహజమైన మార్గం. 2011లో ఆమోదం పొంది తరువాత భారత్‌నెట్‌గా మారిన పథకం, మిషన్ భగీరథ పైపులైన్ల వెంట ఫైబర్ వేసిన తెలంగాణ టీ-ఫైబర్, 2020లో అనుమతి పొందిన పీఎం-వాణి పబ్లిక్ వై-ఫై విధానం – ఇవన్నీ ఒకదానికొకటి తోడైనప్పుడు ఏర్పడేది ఈ సంయుక్త జాలమే. ఒకే దారిని పలువురు పంచుకొనేటప్పుడు ఎవరు ఎప్పుడు ప్రసారం చేయాలన్నది ఇందులోని మూల సమస్య.

ఫైబర్ భాగం, వైర్‌లెస్ భాగం ఈ సమస్యను పూర్తిగా వేర్వేరు పద్ధతులలో పరిష్కరించుకుంటాయి. పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్‌లో కేంద్రం నుండి వెలువడిన కాంతి స్ప్లిటర్ ద్వారా అందరికీ చేరుతుంది. ఎవరిది వారు గ్రహిస్తారు. తిరుగు దిశలో మాత్రం అందరి కాంతి ఒకే ఫైబర్‌లో కలుస్తుంది. పైగా వినియోగదారు వైపున్న ఓఎన్‌యూలు ఒకదాని ప్రసారాన్ని మరొకటి వినలేవు. కనుక విని, ఖాళీగా ఉంటే పంపడమనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. గనిలో ఒకే పట్టాలపై నడిచే హాలేజీకి సిగ్నల్ ఉన్నట్టు, కేంద్రంలోని ఓఎల్‌టీ ప్రతి ఓఎన్‌యూకు దూరాన్ని లెక్కకట్టి సమయం కేటాయిస్తుంది. అవసరాన్నిబట్టి ఈ వాటాలను మార్చే పద్ధతిని డైనమిక్ బ్యాండ్‌విడ్త్ అలొకేషన్ అంటారు. 2002లో క్రేమర్, ముఖర్జీ, పెసవెంతో ప్రతిపాదించిన ‘ఐప్యాక్ట్’ ఈ రంగంలో నేటికీ ప్రస్తావనకు వచ్చే పద్ధతి.

వై-ఫైలో మధ్యవర్తి లేడు. ప్రతి పరికరం ముందు వింటుంది, యాదృచ్ఛికంగా కొంత ఆగుతుంది, ఢీకొంటే ఆగే పరిధిని రెట్టింపు చేసుకుంటుంది. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో తవ్విన గనిలో ఈ ఏర్పాటుకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. బొగ్గు స్తంభానికి రెండు వైపుల మలుపుల్లో ఉన్న పరికరాలు యాక్సెస్ పాయింట్‌కు వినిపించినా పరస్పరం వినిపించకపోవచ్చు. దారి ఖాళీ అని రెండూ భావించి ఏకకాలంలో పంపుతాయి. పాఠ్యగ్రంథాలలోని ‘దాగిన నోడ్’ సమస్యకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఈ రెండింటినీ కలపడానికి రెండు మార్గాలున్నాయి. రేడియో-ఓవర్-ఫైబర్‌లో రేడియో సంకేతమే ఫైబర్‌పై ప్రయాణిస్తుంది. వైర్‌లెస్ నిర్ణయాలన్నీ కేంద్రంలోనే జరుగుతాయి, చివర యాంటెన్నా మాత్రమే ఉంటుంది. ఆకర్షణీయంగా కనిపించే ఈ పద్ధతిలో వై-ఫైకి ఒక అడ్డంకి ఉంది. ఫైబర్‌లో కాంతి ఒక కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 10 కిలోమీటర్ల ఫైబర్ రానూపోనూ 100 మైక్రోసెకన్లు కలుపుతుంది. 5 గిగాహెర్ట్జ్ వై-ఫైలో అందినట్టు తెలిపే జవాబుకు ముందుండే విరామం 16 మైక్రోసెకన్లు, స్లాట్ 9 మైక్రోసెకన్లు మాత్రమే. ఎదురుచూసే గడువును పెంచకపోతే, సమాచారం క్షేమంగా చేరినా పంపినవారు అందలేదనుకొని మళ్లీ పంపుతూనే ఉంటారు. రెండవదైన రేడియో-అండ్-ఫైబర్‌లో యాక్సెస్ పాయింట్ చివరనే ఉంటుంది. ఫైబర్ ఆలస్యం వై-ఫై గడువులోకి రాదు. దూరాలు ఎక్కువగా ఉన్న బొగ్గు ప్రాంతానికి ఇదే తగినది.

అయితే ఇందులో నిరీక్షణ రెండు సార్లు. సమాచారం మొదట గాలిలో తన వంతుకు ఆగి, ఓఎన్‌యూ చేరాక ఫైబర్ వంతుకు మళ్లీ ఆగుతుంది. సమాచారం చేతికి వచ్చేదాకా ఓఎన్‌యూ దానికోసం సమయం అడగలేదు. ఎల్‌టీఈ బేస్ స్టేషన్ విషయంలో ఈ రెండవ నిరీక్షణను తగ్గించే వీలుంది. ఫోన్‌కు అనుమతి ఇచ్చిన 4 మిల్లీసెకన్ల తరువాతే అది ప్రసారం చేస్తుంది కనుక, రాబోయేది బేస్ స్టేషన్‌కు ముందే తెలుసు. ఆ సంగతిని ఓఎల్‌టీకి ముందుగా తెలిపితే, సమాచారం వచ్చేసరికి ఫైబర్‌లో చోటు సిద్ధంగా ఉంటుంది. సహకార కేటాయింపు అని పిలిచే ఈ ఆలోచనకు ఓ-రాన్ సంస్థ ప్రమాణ రూపం ఇచ్చింది.

ఆలస్యం కన్నా తీవ్రమైన లోపం ప్రాధాన్యం పోవడం. ఒక భూగర్భ గనిలో నిఘా కెమెరాలు, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ సెన్సార్లు ఒకే యాక్సెస్ పాయింట్‌కు కలిశాయనుకుందాం. వై-ఫైలో ప్రసారాలకు నాలుగు ప్రాధాన్య శ్రేణులున్నాయి. సెన్సార్ హెచ్చరికను పై శ్రేణిలో ఉంచవచ్చు. కానీ ఓఎన్‌యూ అన్నింటినీ ఒకే వరుసలో నింపితే ఆ ప్రాధాన్యం అక్కడే అంతరిస్తుంది. వాయు హెచ్చరిక వీడియో వెనుక నిలబడుతుంది. వై-ఫై ప్రాధాన్యం అవకాశాన్ని పెంచుతుందే తప్ప హామీ ఇవ్వదు. జీపాన్‌లో స్థిరమైన వాటాతో కూడిన మొదటి రకం టీ-కాంట్ హామీ ఇస్తుంది. రెండింటి మధ్య అనుసంధానాన్ని రూపకర్త స్వయంగా నిర్ణయించాలి.

స్థిరమైన వాటా వాడకపోతే వృథా అన్నది సాధారణ అభ్యంతరం. లెక్క వేస్తే దాని బరువు తేలుతుంది. జీపాన్ తిరుగు దిశ వేగం 1.244 గిగాబిట్లు, 32 ఓఎన్‌యూల మధ్య సమంగా పంచితే ఒక్కొక్కదానికి 39 మెగాబిట్లకు కొంచెం తక్కువ. కెమెరాలు ఎక్కువైన చోట ఇరుకు గాలిలో కాక ఫైబర్‌లోనే ఏర్పడవచ్చన్న మాట. సెన్సార్లకు 512 కిలోబిట్ల వాటా ఇస్తే 125 మైక్రోసెకన్ల ఫ్రేముకు 8 బైట్లు వస్తాయి. ప్రతి విడత ప్రసారానికి ముందుండే రక్షణ విరామం, సంధాన సంకేతాలే 12 బైట్లు. ఫ్రేము ఫ్రేముకూ వంతు ఇస్తే సరుకు కన్నా సంచి బరువవుతుంది. అదే 8 ఫ్రేములకు ఒకసారి, అంటే 1 మిల్లీసెకనుకు 64 బైట్లు ఇస్తే, అదనపు భారంతో కలిపి ఖర్చయ్యేది మొత్తం సామర్థ్యంలో సుమారు 2000వ వంతు. వాయు హెచ్చరికకు 1 మిల్లీసెకను ఆలస్యం లెక్కలోకి రాదు.