వెనక మూత చెప్పే వయసు

పాత కీ వాచీకి పుట్టినతేదీ పత్రం దాదాపు ఎప్పుడూ దొరకదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు ఇళ్లలో ఇనప్పెట్టె అడుగునో, బీరువా అరలోనో ఉండే వాచీ పెళ్లికి పెట్టినదో, రిటైరైననాడు తోటి ఉద్యోగులు చేతికి కట్టినదో అయి ఉంటుంది. కొన్న బిల్లు ఉండదు, వచ్చిన డబ్బా ఉండదు. దాని వయసు కావాలంటే దానిలోనే చదువుకోవాలి.

ముందు లోపలి సంగతి. కీ తిప్పితే చిన్న డబ్బీలో ఉక్కు స్ప్రింగు బిగుసుకుంటుంది. విప్పుకోవాలనే దాని తహతహే వాచీకి తిండి. ఆ బలం పళ్లచక్రాల మీదుగా ప్రయాణిస్తుంటే ఒక లివరు ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఎంతసేపటికోసారి వదలాలన్నది బ్యాలెన్స్ చక్రం, దానికి అతికించిన వెంట్రుకంత సన్నని స్ప్రింగు కలిసి తేలుస్తాయి. చాలా పాత వాచీల్లో ఇది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. ఆ సన్న స్ప్రింగు మామూలు ఉక్కుదైతే ఎండకు పట్టు సడలి వాచీ వెనకబడుతుంది. గద్వాల చుట్టుపక్కల నడిగడ్డ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. ఎండకూ చలికీ పెద్దగా మారని నికెల్ ఉక్కు మిశ్రమాల మీద చేసిన కృషికే షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. డయల్ మీద రాసే 17 జ్యుయల్స్ అరగకుండా ఇరుసులను మోసే కెంపులు. కెంపులే గాని కొలిమిలో తయారైనవి. వాటి కోసం వాచీ విప్పినవాడికి దక్కేది నిరాశే.

చేతి గడియారం మగవాళ్ల చేతికి మొదటి ప్రపంచ యుద్ధంతో ఎక్కింది. మన దేశానికి అప్పట్లో ఎక్కువగా స్విస్ సరుకే వచ్చేది. ఫావర్ లూబా 1865లోనే బొంబాయిలో అడుగుపెట్టింది. వెస్ట్ ఎండ్ వాచీలూ ఇక్కడ బాగా చెల్లాయి. 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీల కర్మాగారం పెట్టింది. అందుకే తొలి డయళ్ల మీద సిటిజన్ పేరు కనిపిస్తుంది. తర్వాత జనతా, పైలట్, సోనా, కీ ఇవ్వనక్కర్లేని కాంచన్ వచ్చాయి. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. ఫ్రిజ్‌లకు పేరు పడ్డ కంపెనీ కావడంతో దాని వాచీలను సేకరించేవాళ్లు తక్కువ. తెలుగువాళ్లు ఇంతగా మరిచిపోవలసిన సరుకు కాదది.

వయసు కట్టడం డయల్‌తో మొదలవుతుంది. చీకట్లో మెరిసే పాత పూత రేడియంది. ఇప్పుడు మెరవకపోయినా దాని రేడియోధార్మికత పోలేదు. రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది, చచ్చింది మెరిసే రసాయనం మాత్రమే. ఆ పూతను గోకకూడదు. డయల్ అడుగున స్విస్ మేడ్ అన్న మాటకు అటూ ఇటూ టీ అక్షరం ఉంటే అది ట్రిటియం. ఆ వాచీ 1960లలోదో, ఆ తర్వాతిదో. షాక్ రక్షణ పేరు ఇంకో ఆనవాలు. ఇంకాబ్లాక్ 1930లలో వచ్చింది కాబట్టి ఆ పేరున్న వాచీ అంతకుముందుది కాదు. సీకోలది సులువైన లెక్క. వెనక మూత మీది సంఖ్యలో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. 7 కనిపిస్తే 1967 కావచ్చు, 1977 కావచ్చు. ఏ దశాబ్దమో తేల్చాల్సింది లోపలి యంత్రపు నంబరే.

కానుక వాచీల వెనక చెక్కిన మాటలు ఈ ప్రాంతంలో అంతకంటే మంచి సాక్ష్యం. పంచాయతీ సమితి అని ఉంటే ఆ చెక్కుడు 1959 తర్వాతిది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో ఆ ఏడు అక్టోబరులో నెహ్రూ సమితులకు ప్రారంభోత్సవం చేశారు. మండలం అని ఉంటే 1985 దాటింది, తాలూకాలు పోయి మండలాలు వచ్చింది అప్పుడే. వనపర్తి జిల్లా, జోగులాంబ గద్వాల జిల్లా అని ఉంటే 2016 అక్టోబరు 11 తర్వాతే, ఆ జిల్లాలు పుట్టింది ఆ రోజున. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని కేంద్రం అదే ఏడు జనవరిలో నిర్ణయించింది కనుక అలాంటి చెక్కుడున్న హెచ్‌ఎంటీ పాత నిల్వ సరుకు అయి ఉండవచ్చు. ఒక జాగ్రత్త: చెక్కుడు వయసులో వాచీ కంటే చిన్నది కావచ్చు, పెద్దది మాత్రం కాలేదు.

మూత విప్పితే లోపలి వైపు సూదితో గీకిన సన్నని అంకెలు కనిపించవచ్చు. రిపేరు చేసినవాళ్లు తమ గుర్తు కోసం పెట్టుకున్న తేదీలవి. కంటికి భూతద్దం బిగించి వాలు వెలుతురులో చూస్తే, ఒకదాని పక్కన ఒకటిగా ఆ వాచీ ఎన్నిసార్లు బల్ల మీదికి వచ్చిందో లెక్కకు వస్తుంది. మొదటి గీత కంటే మూత పాతదన్నది ఖాయం.

మోసం ఎక్కువగా డయల్ మీదే. నల్లని పైలట్ డయళ్లను మళ్లీ రంగు వేసి అమ్మడం మామూలైంది. అక్షరాలు లావుగా అలుక్కున్నా, నిమిషాల గీతలు అంచుకు సమంగా నిలవకపోయినా, ముళ్ల మీది మెరుపు పూత ఒక రంగులో డయల్ మీదిది మరో రంగులో ఉన్నా అనుమానించాలి. పల్లెలో ముప్పై ఏళ్లు తిరిగిన వాచీ డయల్ కొంత పసుపెక్కడం సహజం. సేకరించేవాళ్లు ఆ పసుపుకే ధర కడతారు, తళతళలాడే కొత్త రంగుకు కాదు. కేసును పాలిష్ పట్టించినా అంతే నష్టం. అంచులు అరిగి, చెక్కుడూ నంబర్లూ మాసిపోతాయి. స్ప్రింగు విరిగినా బ్యాలెన్స్ ఇరుసు పోయినా ఈ వాచీలకు కొత్త సామాను అరుదు. అదే యంత్రమున్న ఆగిపోయిన మరో వాచీ నుంచి తీసి వేస్తారు. అలా ఒక ఏటి యంత్రం మరో ఏటి కేసులోకి చేరుతుంది. అందుకే డయల్, యంత్రం, మూత మూడూ ఒకే కాలానివో కాదో విడివిడిగా చూడాలి.