అంబాసిడర్ డిఫరెన్షియల్‌ని వెల్డ్ చేసేద్దామా?

పోయిన వానాకాలం మా అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని మావయ్య తన పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఆసుపత్రికి బయల్దేరాడు. వెనక సీట్లో అమ్మమ్మ, పక్కన నేను. ఊరు దాటకముందే కాలవగట్టు మీద ఎడమ చక్రం నల్లరేగడి బురదలోకి జారింది. మావయ్య యాక్సిలరేటర్ తొక్కాడు. ఎడమ చక్రం గిర్రున తిరిగి బురదంతా ఎగజిమ్మింది. కుడి చక్రం మాత్రం గట్టి నేల మీదే ఉంది, అయినా చలనం లేదు. చివరికి పొలంలో ఉన్న ట్రాక్టర్ వచ్చి లాగేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అమ్మమ్మ ఆయాసపడుతూనే ఉంది.

ఆసుపత్రిలో ఆవిడ కోలుకుంది. నా బుర్రలో మాత్రం ఒకటే ప్రశ్న మిగిలింది. గట్టి నేల మీదున్న చక్రం ఎందుకు తిరగలేదు? మూడో సంవత్సరం మెకానికల్ చదువుతున్నాను కాబట్టి సమాధానం తెలుసనే అనుకున్నాను. డ్రిఫ్టింగ్ వీడియోల పుణ్యమా అని పరిష్కారం కూడా తట్టింది: డిఫరెన్షియల్ విప్పి, లోపలి గేర్లని వెల్డ్ చేసేయడం. ఎలాగూ బండి వెనక నుంచి కూత వస్తోంది, హౌసింగ్ విప్పాల్సిందే. విజయవాడ ఆటోనగర్‌లో మావయ్యకి తెలిసిన పెద్ద మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాం.

నా ఐడియా విని ఆయన ఒకటే మాటన్నారు. "వెల్డింగ్ అరగంట పని బాబూ, పెట్టేస్తా. కానీ ఆ బండిలో మీ అమ్మమ్మని ఎక్కించకు."

ఆ మాటలో ఉన్న ఇంజినీరింగ్ ఏంటో నాకు అర్థమైన మేరకు రాస్తున్నాను.

అసలు డిఫరెన్షియల్ ఎందుకు?

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి దానికంటే ఎక్కువ దూరం నడవాలి. ఎంత ఎక్కువ? అంబాసిడర్ వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.35 మీటర్లు. 90 డిగ్రీల మలుపులో తేడా, ఆ దూరాన్ని π/2తో గుణిస్తే వస్తుంది. అంటే దాదాపు 2.1 మీటర్లు. ఈ లెక్కలో మలుపు వ్యాసార్థం కొట్టుకుపోతుంది, గమనించండి. ఇరుకు సందులో తిరిగినా, విశాలమైన జంక్షన్‌లో తిరిగినా తేడా అంతే. అంబాసిడర్ టైరు చుట్టుకొలత కూడా రమారమి 2 మీటర్లే. అంటే ప్రతి మలుపులోనూ బయటి చక్రం ఒక చుట్టు ఎక్కువ తిరగాలన్నమాట.

ఆ ఒక్క చుట్టు కోసమే ఈ యంత్రం. ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు 1827లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ చివర పినియన్ ఉంటుంది. అది క్రౌన్‌ని తిప్పుతుంది. క్రౌన్‌తో పాటు తిరిగే డబ్బాలో చిన్న స్టార్ పినియన్లు, వాటికి రెండు వైపులా చెరో సైడ్ గేర్, ఆ సైడ్ గేర్ల నుంచి చెరో చక్రానికి యాక్సిల్ షాఫ్ట్. నేరుగా వెళ్తున్నప్పుడు స్టార్ పినియన్లు తమ చుట్టూ తాము తిరగవు, డబ్బాతో పాటు వెళ్తాయంతే. మలుపులోనే అవి తిరిగి, ఒక చక్రం నుంచి తగ్గించిన చుట్లని రెండో దానికి కలుపుతాయి.

మరి బురదలో ఏమైంది?

ఎద్దుల బండి కాడిని గుర్తు తెచ్చుకోండి. మధ్యలో కట్టు, రెండు చివర్లా రెండు ఎద్దులు. ఒక ఎద్దు కూలబడితే రెండోది ఎంత బలమైనదైనా కాడి వంకర తిరుగుతుందే తప్ప బండి ముందుకు పోదు. స్టార్ పినియన్ కూడా కాడి లాంటిదే. దాని రెండు వైపులా పళ్ళ మీద బలం సమానం. అందుకే మామూలు డిఫరెన్షియల్, ఘర్షణని వదిలేస్తే, రెండు చక్రాలకీ ఎప్పుడూ సమాన టార్కే ఇస్తుంది.

"పవరంతా జారే చక్రానికే పోతుంది" అని మనం పరీక్షల్లో రాసేస్తాం. వేగం సంగతి అయితే అది నిజమే. టార్క్ సంగతి కాదు. బురదలో ఉన్న చక్రం 100 న్యూటన్ మీటర్లే తట్టుకోగలిగితే, గట్టి నేల మీదున్న చక్రానికీ ఆ 100 మాత్రమే అందుతాయి. మొత్తం 200. బండి కదలడానికి 300 కావాలంటే, ఇంజిన్‌ని ఎంత ఏడిపించినా లాభం లేదు.

"హ్యాండ్‌బ్రేక్ కొంచెం లాగితే బయటికొస్తుంది" అని చాలామంది చెబుతారు. లెక్క వేసి చూశాను. జారే చక్రానికి 50 న్యూటన్ మీటర్ల బ్రేకు తగిలిస్తే రెండో చక్రానికి 50 అదనంగా వెళ్తాయి, నిజమే. కానీ హ్యాండ్‌బ్రేక్ రెండు వైపులా సమానంగా పట్టుకుంటుంది కదా, ఆ అదనపు 50ని రెండో బ్రేకే తినేస్తుంది. జారే చక్రానికి ఒక్కదానికే బ్రేకు వేయగలిగితేనే ప్రయోజనం. మన ట్రాక్టర్లకి కుడి ఎడమలకి వేర్వేరు బ్రేకు పెడళ్ళు ఉంటాయి చూడండి. ఇప్పటి కార్లలో కంప్యూటర్ చేసే ట్రాక్షన్ కంట్రోల్ పనీ ఇదే.

వెల్డ్ చేస్తే?

సైడ్ గేర్లూ స్టార్ పినియన్లూ కలిపి వెల్డ్ చేస్తే కాడి కాస్తా కడ్డీ అవుతుంది. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే. బురదలోంచి బయటపడతాం, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత రోడ్డెక్కాలి కదా. ప్రతి మలుపులోనూ ఆ ఒక్క చుట్టు తేడా ఎక్కడికీ పోదు. టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి. యాక్సిల్ షాఫ్ట్‌లు మెలితిరుగుతాయి. స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోవాలని చూస్తుంది. తడి రోడ్డు మీద రెండు వెనక చక్రాలూ ఒకేసారి పట్టు వదిలితే తోక పక్కకి కొడుతుంది. డ్రిఫ్టింగ్ వాళ్ళకి కావాల్సింది సరిగ్గా అదే. ఆసుపత్రికి వెళ్ళే బండికి కాదు.

ఇంకో ప్రమాదం ఉంది. ఆ గేర్లు గట్టిపరచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన పెళుసుబారి పగుళ్ళు రావచ్చు. ఒక ముక్క ఊడి క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య పడితే వెనక చక్రాలు నడుస్తూ నడుస్తూనే బిగుసుకుపోవచ్చు.

గో-కార్ట్‌కి డిఫరెన్షియల్ ఉండదు కదా అని మీరడగొచ్చు. నేనూ మేస్త్రి గారిని అడిగాను, ఆయన నవ్వి ఊరుకున్నారు. సమాధానం తర్వాత చదివాను. మలుపులో లోపలి వెనక చక్రం కొంచెం గాల్లోకి లేచేలా కార్ట్ ఫ్రేమ్‌ని డిజైన్ చేస్తారు. అంబాసిడర్ అలా లేస్తే మనం ఉండం.

మధ్యే మార్గం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. గేర్లతో పనిచేసే టోర్సెన్ రకం, పట్టున్న చక్రానికి జారే చక్రం టార్క్‌కి కొన్ని రెట్లు పంపుతుంది. రెండున్నర రెట్లు అనుకుంటే మన 100 కాస్తా రెండో వైపు 250 అవుతుంది, మొత్తం 350. బండి బయటికొచ్చేస్తుంది. కానీ చక్రం పూర్తిగా గాల్లో ఉంటే? సున్నాని రెండున్నరతో గుణించినా సున్నానే. క్లచ్ ప్లేట్ల రకంలో స్ప్రింగ్ బిగింపు ముందే ఉంటుంది కాబట్టి అక్కడ కొంత మిగులుతుంది. అయితే ఆ ప్లేట్లు అరుగుతాయి, నూనె కూడా దానికి తగ్గదే పోయాలి.

రేషియో మారిస్తే?

నా రెండో కోరిక ఇది. హైవే మీద ఇంజిన్ అంత అరవకుండా క్రౌన్-పినియన్ మార్చడం. అంబాసిడర్ మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ కాలపు బీఎంసీ యాక్సిళ్ళలో 8/39, 11/43 లాంటి పళ్ళ జతలు ఉండేవి. 39ని 8తో భాగిస్తే 4.875. టాప్ గేర్‌లో, 3000 ఆర్‌పీఎం దగ్గర వేగం గంటకి 74 కిలోమీటర్లు. 43ని 11తో భాగిస్తే 3.909, వేగం 92. బాగానే ఉంది కదా? కానీ చక్రం దగ్గర టార్క్ 20 శాతం తగ్గింది. నిండా జనంతో గట్టు ఎక్కాలంటే క్లచ్ కాలుతుంది. పైగా స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది. దానికి వెనక జరిగిన మార్పు తెలీదు. దాన్ని సరిచేయకపోతే మనం 92లో పోతుంటే అది 74 అనే చూపిస్తుంది.

చివరికి చేసిందేంటి

నూనె దింపి, జాయింట్ షాఫ్ట్ విప్పి, రెండు యాక్సిల్ షాఫ్ట్‌లూ బయటికి లాగితే డిఫరెన్షియల్ మొత్తం ముందు వైపు నుంచి ఊడి వచ్చేసింది. పినియన్ బేరింగ్ పోయింది, పళ్ళు గీసుకున్నాయి. మేస్త్రి గారు అదే రేషియోలో కొత్త క్రౌన్-పినియన్ జత వేశారు. ఆ రెండూ కలిపి నూరిన జోడీ, ఒకదాన్ని మాత్రమే మార్చకూడదు. పళ్ళకి రంగు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు మార్చారు. అచ్చు చివరికో మొదలుకో పడితే విప్పి మళ్ళీ మొదలు. పళ్ళ మధ్య ప్లే మిల్లీమీటర్‌లో ఐదో ఆరో వంతు మించకుండా డయల్ గేజ్‌తో చూశారు. ఈ పనికి ఒక రోజంతా పట్టింది. వెల్డింగ్ అయితే అరగంట.

తర్వాత వెనకకి కొత్త టైర్లు వేయించాం. డిక్కీలో రెండు చెక్కలు, ఒక గోనెపట్టా పెట్టాం. జారే చక్రం కింద పట్టా వేస్తే ఆ 100 కాస్తా 200 అవుతుంది, డిఫరెన్షియల్ అంతే మొత్తాన్ని రెండో వైపు కూడా ఇస్తుంది. కాడి న్యాయం మనకే ఉపయోగపడుతుంది. ట్రాక్టర్‌కి డిఫ్ లాక్ పెడల్ ఎందుకుందో కూడా ఇప్పుడే అర్థమైంది. దుక్కిలో ఇరుక్కున్నప్పుడు తొక్కాలి, రోడ్డెక్కేముందు వదిలేయాలి. వెల్డింగ్‌లో ఆ వదలడం ఉండదు.

మన వర్క్‌షాప్‌లో వెనక యాక్సిల్ మోడల్ ఉంటే ఒక పని చేయండి. రెండు చక్రాలూ గాల్లో ఉండేలా స్టాండ్ల మీద నిలిపి, గేర్‌లో పెట్టి, చేత్తో ఒక చక్రం తిప్పండి. రెండోది ఎదురు దిక్కులో తిరుగుతుంది. ఎందుకో మీ నోట్సు చూడకుండా చెప్పగలిగితే, ఆ తర్వాత దాన్ని ఏం మార్చాలో ఆలోచించొచ్చు.

అమ్మమ్మ నెలనెలా చెకప్‌కి అదే బండిలో వెళ్తోంది. వెనక కూత పోయింది. "ఇంజిన్ మార్చారా ఏంట్రా, ఇంత నిశ్శబ్దంగా ఉంది" అని అడిగింది మొన్న.