కూలి చేతిలో రూపాయి ఆడితేనే కొట్టు తెరుచుకుంది

2020 మార్చి 25న కరోనా పేరుతో దేశమంతటికీ తాళం వేశారు. మన పల్లెల్లో ముందుగా మూతపడినవి బస్టాండు దగ్గర టీ బడ్డీ, మంగలి షాపు, సైకిల్ రిపేరు కొట్టు, వారానికోసారి జరిగే సంత. ఆ సంతలో గంప దించుకుని కూరగాయలు, ఎండుచేపలు, గాజులు అమ్ముకునే ఆడవాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. "వ్యాపారాలు కోలుకున్నాయి" అని ఆ తర్వాత పెద్ద పత్రికలు రాశాయి. షేర్ మార్కెట్ లెక్కలు, కార్ల అమ్మకాలు చూపించి రాశాయి. దించిన గంప మళ్ళీ ఎప్పుడు నెత్తికెక్కింది, ఎవరి డబ్బుతో ఎక్కింది అన్నది మాత్రం వాళ్ళకు పట్టలేదు.

వ్యవసాయ కూలీల సమస్యలు రాసుకునే చోట ఈ వ్యాపారుల గొడవ ఎందుకని మన కార్యకర్తలు కొందరు అడగొచ్చు. తూకంలో మోసం, అరువు మీద వడ్డీ, పంట ధరలో కోత మనకు తెలియనివి కావు. ఎరువుల డీలరునీ, ధాన్యం కొనే షావుకారునీ వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. కాని ఊళ్ళో ఉన్న కొట్లన్నీ షావుకారు కొట్లు కావు గదా! నాట్లకూ కోతలకూ పోతూ మిగతా నెలల్లో టీ కాచుకునే కూలి ఉన్నాడు. మొగుడు పోయి, పిల్లల్ని సాకడానికి ఇంటి అరుగు మీద నాలుగు సీసాలు పెట్టుకుని బిస్కెట్లు, పప్పుచెక్కలు అమ్మే ఆడమనిషి ఉంది. వీళ్ళు పొద్దున కూలి, సాయంత్రం వ్యాపారి. వీళ్ళు లేచి నిలబడ్డారా లేదా అన్నది కూలి జనం సంగతే.

తాళం వేసిన మొదటి వారాల్లో ఊళ్ళను బతికించింది సర్కారు కంటే ముందు ఊళ్ళే. టమాటా, అరటి, బత్తాయి కొనే నాథుడు లేక తోటల్లోనే మాగిపోతుంటే యువజనులూ, కూలి సంఘాల వాళ్ళూ ట్రాక్టర్ల మీద తెచ్చి వాడవాడలా పంచిన చోట్లు ఎన్నో. హైదరాబాదు నుంచి ఉత్తరాదికి నడిచిపోయే వలస కూలీలకు జాతీయ రహదారి పక్కన అంబలీ, మజ్జిగా పోసింది ఆ పక్క ఊళ్ళ పేద జనమే. అయినా అందరినీ కాపాడుకోలేకపోయాం. మన మిరప చేలల్లో కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి, అడవి దారిన తిరిగి నడిచిపోతూ ప్రాణం విడిచిన ఆదివాసీ పిల్ల ఉంది. ఆ సంగతి మరిచిపోయి ఐకమత్యం గురించి గొప్పలు చెప్పుకోవడం తగదు.

సర్కార్లు ఏమీ ఇవ్వలేదని కాదు. తెలంగాణలో తెల్లకార్డు ఉన్న ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కార్డుకు వెయ్యి ఇచ్చారు. కేంద్రం జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. అంటే రోజుకు పదహారు, పదిహేడు రూపాయలు! ఆ ఖర్చు దాటిన తర్వాత మిగిలిందంతా అరువే. కొట్టువాడి పద్దు పుస్తకం నిండిపోయింది. పాపం వాడూ ఎన్నాళ్ళిస్తాడు? టౌనులో హోల్‌సేల్ వాడు పాత బాకీ కట్టందే కొత్త సరుకు వెయ్యనన్నాడు. అరుగు మీద సీసాలు ఖాళీ అయ్యాయి. ఊరి మంచితనం నిజమే, దానికి పెట్టుబడి లేదు. ఉన్నదంతా నెలా రెండు నెలల్లో తినేసుకుని కూచుంది.

మరి ఎక్కడ మలుపు తిరిగింది? ఏప్రిల్ 20 నుంచి ఉపాధి హామీ పనులకు అనుమతి ఇచ్చారు. మన ఊళ్ళలో జనం "కరువు పని" అనే ఆ పనే. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకాన్ని ప్రారంభించారని పాత కార్యకర్తలకు గుర్తుంటుంది. గుంతలు తవ్వించడానికి డబ్బు తగలేస్తున్నారని పద్నాలుగేళ్ళపాటు ఎగతాళి చేసిన పెద్దమనుషులు 2020 మే, జూన్ నెలల్లో నోరు మూసుకోవలసి వచ్చింది. పట్నం నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ, హోటల్లో సప్లయి చేసిన కుర్రాడు, జీతం ఆగిపోయిన ప్రైవేటు స్కూలు పంతులు, అందరూ పలుగూ పారా పట్టుకుని చెరువు పూడిక దగ్గర తేలారు. 2019-20లో దేశం మొత్తం మీద 265 కోట్ల పనిదినాలు జరిగిన చోట 2020-21లో 389 కోట్ల పనిదినాలు జరిగాయి. ఏడున్నర కోట్ల కుటుంబాలు పనికి వచ్చాయి. బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లు చాలక మరో 40 వేల కోట్లు కలపక తప్పలేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 237 రూపాయలు. ఇంటికి సగటున దొరికింది యాభై రోజుల పైచిలుకు. యాభై రోజులకు 11,850 అవుతుంది. కొలతల్లో కోత పెట్టారు, మస్టర్లలో మాయ చేశారు, కాబట్టి పది వేలే అనుకుందాం. ఆ పది వేలు ఎక్కడికి పోయాయి? బ్యాంకులో డిపాజిట్ కాలేదు. కొట్టు బాకీ తీరింది. పిల్లకు చెప్పులొచ్చాయి. దర్జీ మిషను కదిలింది. సాయంత్రం టీ బడ్డీ దగ్గర నలుగురు నిలబడ్డారు. రెండు వందల గడప ఉన్న ఊరికి ఇలా ఇరవై లక్షలు వస్తే, అందులో చాలా భాగం ఆ ఊరి కొట్లలోనూ పక్క ఊరి సంతలోనూ తిరిగిందే. కొట్టువాడు హోల్‌సేల్ వాడికి కట్టాడు, సరుకు మళ్ళీ వచ్చింది. ఊళ్ళో వ్యాపారం కోలుకున్న పద్ధతి ఇదీ. కూలి డబ్బు బ్యాంకులో పడడానికి వారాలు పట్టిన చోట కొట్టు కూడా అన్ని వారాలూ ఆలస్యంగానే లేచింది.

ఢిల్లీలో కూచున్నవాళ్ళ ఆలోచన వేరు. 2020 మేలో మూడు లక్షల కోట్ల రుణ గ్యారంటీ పథకం ప్రకటించారు. చిన్న పరిశ్రమలనూ వ్యాపారాలనూ నిలబెడతామన్నారు. షరతు ఏమిటి? ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకు అప్పు ఉండాలి, ఆ అప్పులో 20 శాతం మేరకు కొత్త అప్పు ఇస్తారు. అప్పున్నవాడికే అప్పు! అరుగు మీద సీసాల వ్యాపారానికి ఏ బ్యాంకు అప్పిచ్చింది గనక? జూన్‌లో వీధి వ్యాపారులకు పది వేల రుణం అన్నారు. మంచిదే. కాని అది పట్టణాల్లో అమ్ముకునేవారికి. పల్లె సంతలో గంప దించుకునేవాళ్ళు ఆ జాబితాలో లేరు. అసలు కొనేవాడి జేబు ఖాళీగా ఉన్నప్పుడు అమ్మేవాడికి అప్పిచ్చి ఏం లాభం? సరుకు తెచ్చుకుని ముందు పెట్టుకుని ఈగలు తోలుకోవడానికా?

అప్పు సంగతి వచ్చింది గనక గ్రూపుల మాట కూడా చెప్పాలి, మన ఆడవాళ్ళు ఎక్కువగా నలిగింది ఇక్కడే. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వాయిదాలు కట్టనక్కర లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. చాలామంది మాఫీ అనుకున్నారు. అది మాఫీ కాదు, వాయిదా. వడ్డీ నడుస్తూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వెయ్యకూడదని 2021 మార్చిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది గాని, అసలు వడ్డీ రద్దు చెయ్యడానికి ఒప్పుకోలేదు. ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పుల్లో జట్టు పూచీ అని ఒకటుంది. పదిమంది ఆడవాళ్ళు ఒకరికొకరు పూచీ ఉండాలి. చూడ్డానికి ఐకమత్యంలాగే ఉంటుంది. ఒకామె కిస్తీ తప్పిందా, వసూలుకొచ్చినవాడు కేక వెయ్యనక్కర లేదు, మిగతా తొమ్మిదిమంది చేతా ఆమె గుమ్మం ముందు కేకలు వేయిస్తాడు. కష్టంలో ఆదుకోవలసిన ఇరుగుపొరుగునే వసూలు గుమాస్తాలుగా మార్చేశారు. ఈ కంపెనీల ఆగడాలు భరించలేకే 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు తేవలసి వచ్చిందని గుర్తు చేసుకుందాం. పూచీ పత్రం మీద వేలిముద్ర వేసినంత మాత్రాన సంఘం అవదు.

అప్పు కన్నా పని మేలని మన ఇళ్ళల్లోనే రుజువయింది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని తలపెట్టి, డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ చేత కుట్టించింది. రేటు గిట్టుబాటు కాదని గొణిగినవాళ్ళు ఉండొచ్చు. అయినా మూలపడ్డ మిషన్లు తిరిగాయి, ఎవరికీ వడ్డీ కట్టే పని లేకుండా నాలుగు రాళ్ళు ఇంట్లోకి వచ్చాయి.

కేరళలో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయారు. 1998లో మొదలైన కుటుంబశ్రీ మహిళా సంఘాలు అక్కడ ఉన్నాయి. తాళం వేసిన రోజుల్లో పంచాయతీలతో కలిసి వాడవాడా వంటశాలలు నడిపాయి. తర్వాత ఆ వంట ఆపెయ్యలేదు. చాలా చోట్ల అవే "జనకీయ" హోటళ్ళయ్యాయి, అంటే ప్రజల హోటళ్ళు. ఇరవై రూపాయలకు భోజనం. పంచాయతీ చోటు చూపించి, కరెంటూ నీళ్ళూ ఇస్తే, ప్రభుత్వం భోజనానికి పది రూపాయలు కలిపింది. వెయ్యికి పైగా నడిచాయి. సాయంగా మొదలైన పొయ్యి ఆడవాళ్ళకు బతుకుతెరువు అయింది. ఆటో తోలేవాడికీ, కూలికీ కడుపు నిండింది. ఒక్క దెబ్బకు ఇద్దరి ఆకలీ తీరిందన్నమాట.

ఇది చెప్పి ఊరుకుంటే సగం నిజమే అవుతుంది. ఆ పది రూపాయల బకాయిలు నెలల తరబడి పేరుకుపోయాయి. కిరాణా వాడికి కట్టలేక ఆ ఆడవాళ్ళు అప్పుల పాలయ్యారు. 2023 ఆగస్టు నుంచి సబ్సిడీ ఎత్తేశారు. ధర పెంచక తప్పలేదు, కొన్ని పొయ్యిలు ఆరిపోయాయి. వామపక్షాల ప్రభుత్వమే గదా అని మనం కళ్ళు మూసుకోనక్కర లేదు. ఎవరు గద్దె మీద ఉన్నా, చేసిన పనికి డబ్బు వేళకు రాకపోతే పేదవాడి సంస్థ నిలవదు. పెద్ద కాంట్రాక్టరుకు బిల్లు ఆగితే కోర్టుకు పోతాడు, వండిపెట్టే ఆడమనిషి తాకట్టుకు పోతుంది.

కేంద్రం చేసింది చూస్తే ఇదేం పెద్ద తప్పు కాదనిపిస్తుంది. జబ్బు కాస్త తగ్గుముఖం పట్టగానే కరువు పని డబ్బు కొయ్యడం మొదలైంది. 2021-22 బడ్జెట్‌లో 73 వేల కోట్లు, 2023-24లో 60 వేల కోట్లు. చివరికి 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో మరో చట్టాన్ని పార్లమెంటులో పాస్ చేయించారు. వంద రోజులు నూట ఇరవై అయిదు అయ్యాయని చాటింపు వేశారు. వెనకటి చట్టం కింద కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే. కొత్త దాంట్లో మన లాంటి రాష్ట్రాలు నూటికి నలభై భరించాలి. అప్పుల్లో మునిగిన రాష్ట్రం తన నలభై పెట్టలేకపోతే ఆ నూట ఇరవై అయిదు రోజులు ఏ కాగితం మీద ఉంటాయో చెప్పనక్కర లేదు. నాట్లూ కోతలూ జరిగే కాలంలో ఏడాదికి అరవై రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా అందులో పెట్టారు. ఆ రోజుల్లో కూలి రేటు ఎవరు చెప్పిన చోట ఆగుతుంది? కరువు పని అండ లేకపోతే ఆసామి అన్నదే రేటు.

ఆ అరవై రోజులు ఏ నెలల్లో వస్తాయన్నది ఒక్క కూలీల సమస్య అనుకోవద్దు. యంత్రం కోత కోసే ఊళ్ళలో అటు పొలం పనీ ఉండదు, ఇటు కరువు పనీ ఉండదు. అప్పుడు అరువు పుస్తకం మళ్ళీ తెరవాల్సింది టీ బడ్డీ వాడూ, అరుగు మీద సీసాల ఆమే. 2020లో తమ కొట్టు ఎవరి కూలి డబ్బుతో లేచిందో వాళ్ళ పద్దు పుస్తకాల్లోనే రాసి ఉంది. ఈసారి గ్రామసభకు పోయేటప్పుడు ఆ పుస్తకాలతో సహా వాళ్ళను కూడా వెంటబెట్టుకుని పోదాం.